ఒంటి పట్టా పెద్దబాపు

మొన్న మెట్‌పల్లిలో చుట్టాలింటి గృహప్రవేశానికి పోతూ కోరుట్ల దగ్గర రైల్వే గేటు పడి ఆగిపోయాం. ముందు పసుపు బస్తాల లారీ, వెనక బస్సు, పక్కన రెండు ఆటోలు. ముహూర్తం దాటిపోతుందని మా ఆయన బండి మీద కూర్చునే ఫోన్లో ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. నేను గేటు సందులోంచి పట్టాలను చూసి నవ్వడం మొదలుపెట్టాను. ఆపుకుందామన్నా ఆగలేదు.

"ఏమైందే నీకు?" అన్నాడు ఆయన.

"ఏంలేదు. రెండు పట్టాలు దండుగ అనిపించింది."

ఆయన నా మొహం వంక ఒకసారి చూసి మళ్ళీ ఫోన్లో పడ్డాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక నా నవ్వులకు కారణాలు అడగడం మానేశాడు.

ఆ మాట నాది కాదు, సిరిసిల్లలో మా పెద్దబాపుది. సొంత పెదనాన్న కాదు. మా వీధిలో అందరికీ ఆయన పెద్దబాపే, ఆయన భార్య పెద్దవ్వే. పోయిన చలికాలం కాలం చేశాడు. ఆ రోజు బాగా ఏడ్చాను. ఆ తర్వాత మాత్రం ఆయన ఎప్పుడు గుర్తుకొచ్చినా నవ్వే వస్తుంది, దానికి నేనేం చెయ్యను?

మా ఊళ్ళో మరమగ్గాన్ని సాంచా అంటాం. సాంచా చెడిపోతే బాగుచేసేవాడు జాబర్. పెద్దబాపు జాబర్. నడుముకు తువ్వాల, తువ్వాలలో రెండు పానాలు, చెవి మీద పెన్సిలు. ఏ కార్ఖానాలో సాంచా మొరాయించినా ఆయన దాన్ని వెంటనే విప్పేవాడు కాదు. స్క్రూడ్రైవర్ మొనను సాంచాకు ఆనించి, పిడిని తన దవడకు ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. ఎన్నో ఏళ్ళ చప్పుడుకు ఆయన చెవులు సగం పోయాయి. "చెవులు పోయినయి గని దవడ మంచిగ ఇంటది బిడ్డా" అనేవాడు. కాసేపు విని, కళ్ళు తెరిచి, ఏ మూల ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు. నాకు తెలిసి ఆ దవడ ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

సాంచాల చప్పుడులో మాట వినపడదు కాబట్టి మా కార్మికులు చేతులతో మాట్లాడుకుంటారు. చాయ్ కావాలంటే ఒక సైగ, దారం తెగిందంటే ఒక సైగ, సేటు వస్తున్నాడంటే ఒక సైగ. ఆ చివరిది అందరికంటే వేగంగా షెడ్డంతా తిరుగుతుంది. పెద్దబాపు నిశ్శబ్దంగా ఉండే నా జిరాక్స్ దుకాణంలో కూడా అరుస్తూ, పైగా చేతులు ఆడిస్తూ మాట్లాడేవాడు. ఫారాలు నింపుకోవడానికి వచ్చినవాళ్ళు పెన్నులు పక్కన పెట్టి ఆయన్నే చూసేవాళ్ళు.

రైళ్ళ పిచ్చి ఆయనకు ముంబైలో పట్టింది. భివండిలో ఉన్న మేనల్లుడి ఇంటికి పోయి, పనిలో పనిగా ముంబై చూసి వచ్చాడు. సముద్రం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. బస్సు దిగి, సంచి ఇంట్లో పెట్టకుండా నేరుగా నా దుకాణానికి వచ్చి, కౌంటర్ మీద అరచేతిని అంచు మీద నిలబెట్టాడు.

"గోడ మీద పోతున్నది బిడ్డా!"

"ఏంది పెద్దబాపూ?"

"రైలు! సన్నటి గోడ, దాని మీద రైలు. రెండు పట్టాల్లెవ్వు, ఏం లెవ్వు. జర గది తీయి నీ కంప్యూటర్ల."

తీశాను. ఒంటి పట్టా రైళ్ళని వెతికితే ముంబైది ఒక్కటే కాదు, నూరేళ్ళ కిందటివీ అంతకు ముందువీ, నలుపు తెలుపు బొమ్మలు కుప్పలుగా వచ్చి పడ్డాయి. ఎవరో ఎక్కడో కష్టపడి కట్టి, నడిపి, జనం చేత చప్పట్లు కొట్టించుకుని, ఆ తర్వాత తుప్పుకు వదిలేసిన రైళ్ళు. పెద్దబాపు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"గిన్ని ఉన్నయా? మరి మనకెవ్వలు జెప్పలేదేంది?" అని నన్నే నిలదీశాడు, వాటన్నిటినీ నేనే దాచిపెట్టినట్టు.

ఆ రోజు నుంచి వారానికి రెండు మూడు సార్లు వచ్చేవాడు. ఆయన చదువు ఏడో తరగతి. ఇంగ్లీషు నేను చదివి చెప్పాలి. నేను చెప్పిందాన్ని ఆయన అప్పటికప్పుడే మా ఊరి సామాన్లలోకి మార్చుకునేవాడు. ఐర్లండులో ఒక రైలు ఉండేది. కాళ్ళు చాపి నిలబెట్టిన ఇనుప చట్రాల మీద నడుమెత్తున ఒక్కటే పట్టా, పెట్టె ఆ పట్టాకు రెండు పక్కలా కావడిలా వేలాడేది. రెండు పక్కలా సమానం బరువు ఉండాలి. ఒకరు ఆ రైల్లో పియానో తెప్పించుకోవాల్సి వస్తే రెండో పక్క తూకానికి రెండు దూడలను ఎక్కించారనీ, తిరుగు ప్రయాణంలో పక్కకొక దూడను నిలబెట్టి తీసుకొచ్చారనీ ఒక కథ చెప్పుకుంటారు. నేను ఇది చదివి వినిపించిన సాయంత్రానికే చాయ్ హోటల్లో పెద్దబాపు నోట పియానో బీరువా అయిపోయింది, దూడలు బర్రెదూడలయ్యాయి.

"బీరువా గీ దిక్కు, దూడలు గా దిక్కు. బీరువా దించిన్రు. ఇగ దూడలు ఎట్ల రావాలె? చెప్పున్రి!" అని అందరినీ అడిగి, ఎవరికీ చెప్పే సందు ఇవ్వకుండా, "ఒకటి గీడ, ఒకటి గాడ!" అని రెండు చేతులూ చాపి తానే దూడలైపోయి ఊగేవాడు. ఆ హోటల్లో ఆ కథ వినని మనిషి లేడు. అయినా అడిగి చెప్పించుకునేవాళ్ళు.

ఇంకో రైలుకు ఇంజనే లేదు. పట్టాల నడుమ గొట్టం పెట్టి, అందులో గాలి పీల్చి బండిని లాగేవాళ్ళు. గొట్టం మీది తోలుమూతకు కొవ్వు పూస్తే ఎలుకలు వచ్చి తిన్నాయట. దానికి పెద్దబాపు వారం రోజులు ఎలుకల మీద కోపంగా ఉన్నాడు. స్కాట్లండులో విమానంలాగా పంకా పెట్టుకుని గాల్లో వేలాడే రైలు ఒకటి. దాన్ని తుప్పు తిన్నది. అన్నిటికంటే ఆయనకు ఇష్టమైంది బొంగరం రైలు. పెట్టె లోపల పెద్ద చక్రాలు బొంగరాల్లా తిరుగుతుంటే బయట పెట్టె ఒక్క పట్టా మీద నిటారుగా నిలబడేది. జనమంతా ఒక పక్కకు జరిగినా ఒరిగేది కాదు. బొంగరం ఆగితే ఏమవుతుందోనని అందరూ భయపడ్డారు, అంతటితో అది మూలన పడింది.

"భయపడ్డరు బిడ్డా. గంతే. పనిల తప్పు లేదు" అన్నాడు పెద్దబాపు, దగ్గరి చుట్టానికి అన్యాయం జరిగినట్టు.

ఆ బొమ్మలన్నీ ఆయన ఇంట్లో దేవుళ్ళ పటాల పక్కన గోడకెక్కాయి. పెద్దవ్వ బీడీలు చుడుతూ వాటిని చూసి, "గీ మనిషికి ఇల్లు కట్టుమంటే ఒక్క గుంజ మీద కడ్తడు. మనం దాని మీద ఊగుకుంట బతకాలె" అనేది. అంటూనే పండగలకు పటాలన్నిటికీ పెట్టే కుంకుమ బొట్టు ఆ రైళ్ళకు కూడా పెట్టేది. పెట్టకపోతే ఆయన ఊరుకునేవాడు కాదు.

ఒకసారి ఆయన, పెద్దవ్వ, నేను కోరుట్లకు ఒక పెళ్ళికి పోయాం. భోజనాలు కాగానే మనిషి మాయం. స్టేషన్ దగ్గర దొరికాడు. ప్లాట్‌ఫారం అవతల గడ్డిలో, పనికిరాదని పడేసిన పట్టా ముక్క ఒకటి ఉంది. దాని మీద చెప్పులు విప్పి, రెండు చేతులూ చాచి, పెళ్ళికి కట్టుకొచ్చిన పట్టంచు పంచెతో నడుస్తున్నాడు. అరవై దాటిన మనిషి.

"పడ్తవ్! దిగు! నలుగురు చూస్తున్నరు!" అని పెద్దవ్వ కేక.

"చూడనీ! నాకు రెండు కాళ్ళే. అయినా ఒక్క పట్టా మీద నడుస్తున్న. గన్ని చక్రాలున్న రైలుకేం రోగం?"

చివరిదాకా నడిచి, అక్కడ ఒంటికాలి మీద తిరిగి, వెనక్కి కూడా వచ్చాడు. స్టేషన్లో ఊడ్చే మనిషి చీపురు ఆపి చప్పట్లు కొట్టాడు. పెద్దవ్వ అటు తిరిగి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం నేను చూశాను.

ఇదంతా ఇలాగే సరదాగా సాగిపోయేదే, మల్లేశానికి నడుము పట్టెయ్యకపోతే.

మా వీధి చివరి కార్ఖానాలో మల్లేశం బీములు మోసేవాడు. బీము అంటే పడుగు దారం చుట్టిన లావుపాటి ఇనుప రోలు. దాన్ని సాంచా వెనక బిగిస్తారు. నిండు బీమును ఇద్దరు భుజాల మీద మోసుకు రావాలి. ముందు మల్లేశం, వెనక ఎవరు దొరికితే వాళ్ళు. ఎన్నో ఏళ్ళు మోసి ఆయన కుడి భుజం మీద అరచేతి వెడల్పున కాయ కాసింది. ఒకనాడు నడుము పట్టేసి నిలబడలేకపోయాడు. కరీంనగర్‌లో డాక్టర్ ఫోటోలు తీయించి, ఇంకో ఏడాది ఇట్లాగే మోస్తే మంచం మీంచి లేవవని చెప్పాడు. సాంచా నడుపుకుందామంటే తెగిన దారం పట్టుకునేంత చూపు మల్లేశానికి లేదు. వేరే పని తెలియదు.

చక్రాల బండి ఎందుకు పెట్టలేదంటారా? పెట్టారు. సాంచాల వరసల నడుమ సందు ఒక మనిషికి సరిపోయేంతే. కిందంతా గుంతలు. నాలుగు చక్రాల్లో ఒకటి గుంతలో పడేది, బీము పక్క సాంచాకు తగిలి దారాలు తెగేవి. చివరికి ఆ బండి మూలకు చేరి కార్మికుల అంగీలు తగిలించుకోవడానికి పనికొచ్చింది.

పెద్దబాపు చాయ్ హోటల్లో అందరి ముందు అనేశాడు. "మల్లేశం, దసరా వరకు ఆగు. ఇగ బీము నీ భుజం మీద పోదు. నా ఒంటి పట్టా మీద పోతది."

కార్ఖానా సేటు చెడ్డవాడు కాదు. తెల్లబట్టలంటే మోజు, ఇస్త్రీ నలిగితే మనసు నలుగుతుంది, అంతే. షెడ్డులో పట్టా వెయ్యడానికి ఒప్పుకున్నాడు. కానీ మాట దాచలేదు. "పనైతే దాన్ని మల్లేశమే నడుపుతడు, జీతానికి తిప్పల్లేదు. కాకుంటే దసరా పోంగనే బీములకు వేరే మనిషిని పెట్టుకుంట. నన్ను తప్పు వట్టద్దు" అన్నాడు. మల్లేశం తలూపాడు. పెద్దబాపు మాత్రం ఆ మాట విననట్టు టేపు తీసి సందు కొలవడం మొదలుపెట్టాడు.

ఆయన మనసంతా బీరువా, దూడల రైలు మీదే ఉంది. నేను ఇంకో బొమ్మ చూపించాను. అది మన దేశానిదే, పటియాలా దిక్కు నడిచిన రైలు. బాట అంచున ఒకే ఒక పట్టా, బరువంతా దాని మీద. పెట్టెకు ఒక పక్కన పెద్ద చక్రం, అది బాట మీద దొర్లుతూ పెట్టె ఒరగకుండా కాస్తుంది. ఒకప్పుడు పశువులు కూడా లాగాయట. "మనోళ్ళదే పెద్దబాపూ, ఢిల్లీల ఇప్పటికీ దాచిపెట్టిన్రు" అన్నాను ఉత్సాహంగా.

ఆయన కాసేపు చూసి మొహం తిప్పుకున్నాడు. "కుంటి రైలు. పక్కకు కర్ర పట్టుకుని నిలవడ్డట్టు. గది ఒంటి పట్టా ఎట్లయితది?" అని ఆ కాగితంతోనే చేతి నూనె తుడుచుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. రంగుల ప్రింటు అది.

రెండు నెలలు పనిచేశాడు. ఐర్లండు దానిలాగే ఇనుప కోణాలు అతికించి నడుమెత్తున పట్టా వేశాడు. బండి పట్టా మీద కూర్చుంటుంది, బీము ఒక పక్క వేలాడుతుంది, రెండో పక్క ఇసుక బస్తాలు. బతుకమ్మ మొదలవడానికి నాలుగు రోజుల ముందు, సాంచాలన్నీ ఆపించి అందరినీ పిలిచాడు. వీధంతా వచ్చింది. నేను దుకాణం మూసి పోయాను. సేటు కొత్త తెల్ల లాల్చీలో వచ్చాడు.

బీము ఎక్కించాక చూస్తే ఇసుక బస్తాలు చాలలేదు. బండి బీము వైపు ఒరుగుతోంది. ఇంకో బస్తా తెస్తామని ఎవరో పరుగెత్తబోతే సేటు ఆపాడు. "బస్తాలెందుకు! నేను కూసుంట" అన్నాడు. కుర్రతనం వచ్చేసింది ఆయనకు. బస్తాలు దించి ఆయన్ను ఎక్కించారు. చూద్దును గదా, అచ్చంగా బీముకు సమానం! బండి నిటారుగా నిలబడింది. మల్లేశం వేలితో తోశాడు, కదిలింది. సందులో అటు బీము, ఇటు సేటు, నడుమ ఒక్క పట్టా. చప్పట్లే చప్పట్లు. పెద్దబాపు రెండు చేతులూ పైకెత్తి చప్పుడు లేకుండా నవ్వుతున్నాడు.

బండి ఆఖరి సాంచా దగ్గర ఆగింది.

మా ఊళ్ళో బీము ఆగితే చెయ్యి ఊరుకోదు. సాంచా ఎంతసేపు ఆగితే అంత కూలి పోతుంది. అందుకని బీము రాగానే రెప్పపాటులో దించి బిగించెయ్యడం చిన్నప్పటి నుంచి అలవాటు. మల్లేశం ఒంట్లో కూడా అదే ఉంది. ఎవరూ చెప్పలేదు, ఆయన ఆలోచించలేదు. "హుప్" అని బీము ఒక కొస పట్టాడు, పక్కనున్నవాడు అలవాటుగా రెండో కొస అందుకున్నాడు, ఎత్తి సాంచా మీద పెట్టేశారు.

రెండో పక్క సేటు ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. బండి గిర్రున తిరిగింది, సేటు కాళ్ళు పైకి లేచాయి, వేస్టు దారం కుప్పలోకి వెళ్ళి పడ్డాడు. దెబ్బ తగల్లేదు. కానీ ఆ కుప్ప సాంచాల నూనె తుడిచిన దారం. పైకి లేచేసరికి లాల్చీ ఏ రంగో చెప్పడం కష్టం. ఎవరో మొదట నవ్వారు, ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు. నవ్వుతూ ఇటు చూస్తే మల్లేశం సాంచాను పట్టుకుని వంగిపోయి ఉన్నాడు, నడుము మళ్ళీ పట్టేసింది. ఒక్కసారిగా అందరి నవ్వూ ఆగింది.

సేటు తల మీది దారం తీసుకుంటూ, "దసరాకు ఇంక రెండు వారాలున్నది. నేనన్న మాట అన్నట్టే" అని వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులు పెద్దబాపు ఇంట్లోంచి బయటకు రాలేదు. సాంచాలు చెడిపోతే పిలవడానికి వచ్చినవాళ్ళను పెద్దవ్వ గుమ్మంలోంచే పంపేసింది. అయిదో రోజు పొద్దున నేను షట్టర్ తీస్తుంటే వచ్చి నిలబడ్డాడు. చేతులు ఆడించలేదు. అరవలేదు. అంత మెల్లగా ఆయన మాట్లాడగలడని నాకు అప్పటిదాకా తెలియదు.

"బిడ్డా, గా కుంటి రైలు బొమ్మ మల్ల తీస్తవా?"

తీశాను. ఈసారి నూనె చేతులు ముందే పంచెకు తుడుచుకుని, కాగితాన్ని అంచులు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"బరువు దించినంక గూడ ఇది పడదు. పక్క చక్రం కాస్తది" అన్నాడు. తర్వాత, నన్ను చూడకుండానే, "ఒక్క పట్టా మీద నిలవడాల్నని గది నా సోకు బిడ్డా. నా సోకు కోసం మల్లేశంగాని నడుమిరగ్గొట్టిన. పట్టా మీద బండి నిలవడకున్నా మంచిదే, వాడు నిలవడాలె" అన్నాడు.

ఏదో అనాలి కాబట్టి, "గీ ప్రింటుకు నూనె తుడవకు మరి" అన్నాను. ఆయన నవ్వాడు, హమ్మయ్య అనుకున్నాను.

మర్నాడు నాకు జగిత్యాలలో పని ఉంటే ఆయన కూడా బస్సెక్కాడు. పక్క చక్రం కావాలి. పాత ఇనుప దుకాణంలో చక్రాల గుట్ట ముందు కూర్చుని ఒక్కోదాన్ని ఇరుసు మీద తిప్పడం, స్క్రూడ్రైవర్ ఆనించడం, పిడిని దవడకు పెట్టుకోవడం. "ఇది ఏడుస్తున్నది." పక్కన పెట్టాడు. "దీనికి దగ్గు." పక్కన పెట్టాడు. దుకాణం అతను వచ్చి, "ఏం పెద్దమనిషీ, కొరికి చూస్తున్నవా?" అని అడిగాడు. మధ్యాహ్నం దాటాక ఒక చక్రం దగ్గర కళ్ళు తెరిచాడు. పాత గడ్డి కోసే మిషన్‌ది. "ఇది పాడుతున్నది బిడ్డా" అన్నాడు. తిరుగు బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, కండక్టర్ కింద పెట్టమన్నా పెట్టలేదు.

మిగిలిన రోజుల్లో పాత పట్టా పీకి, సందు అంచున నేలకు ఆనించి వేశాడు. పక్క చక్రం దొర్లడానికి జానెడు వెడల్పున గుంతలు పూడ్చి సిమెంటు చేశాడు. బండి ఎత్తు సరిగ్గా సాంచా వెనక బీము కూర్చునే ఎత్తుకు తెచ్చాడు. బీమును ఎత్తే పనే ఉండకూడదు, దొర్లిస్తే చాలు. ఇదంతా చేస్తూ ఎవరికీ ఒక్క కథ చెప్పలేదు. చాయ్ హోటల్లో జనం ఆయన కోసం ఎదురుచూసి లేచిపోయేవాళ్ళు.

దసరా పొద్దున సాంచాలన్నీ కడిగి పసుపు కుంకుమలు పెట్టారు. మామిడాకుల తోరణాలు కట్టిన షెడ్డులో, చప్పుడు లేని ఆ ఒక్క రోజున, మాటలు మామూలుగా వినపడుతుంటే అందరికీ కొత్తగా ఉంది. పెద్దవ్వ కొబ్బరికాయ పట్టుకుని నిలబడింది. సేటు వచ్చాడు గానీ గుమ్మం దగ్గరే ఆగాడు. "నేను గీడ్నుంచే చూస్త" అన్నాడు.

పెద్దబాపు మల్లేశాన్ని పిలిచి, తన నడుము తువ్వాల విప్పి, అతని ఎడమ చేతిని వెనక్కి మడిచి నడుముకు కట్టేశాడు.

"గిదేంది పెద్దబాపూ?"

"నీ చేతుల మీద నాకు నమ్మకం లేదు. ఒక్క చెయ్యి చాలు. తోయి."

మల్లేశం తోశాడు. నిండు బీముతో బండి కదిలింది. పట్టా మీద బరువు, పక్కన గడ్డి మిషన్ చక్రం సన్నగా చప్పుడు చేసుకుంటూ. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరం ఆఖరి సాంచా వంకే చూస్తున్నాం, అసలు సంగతి అక్కడుంది. బండి ఆగింది. మల్లేశం కుడి అరచేతితో బీమును నెట్టాడు. అది దొర్లి సాంచా మీద కూర్చుంది. ఖాళీ బండి అంగుళం కూడా కదలకుండా అలాగే నిలబడింది. మల్లేశం కూడా అలాగే నిలబడ్డాడు. నడుము తడుముకుని చూసుకున్నాడు. ఏమీ కాలేదు.

గుమ్మం దగ్గర నుంచి సేటు గట్టిగా, "మల్లేశం! రేపటి సంది బండి నీదే పో!" అన్నాడు.

అప్పుడు లేచింది చూడండి గోల. మల్లేశం తువ్వాల ఎప్పుడు విప్పుకున్నాడో తెలియదు. వచ్చి పెద్దబాపును రెండు చేతులతో నడుము దగ్గర పట్టుకుని పైకెత్తేశాడు.

"దించుర! దించు! నీ నడుముర!" అని పెద్దబాపు గాలిలో కాళ్ళు కొట్టుకుంటూ అరుపులు. "ఇన్ని నెలల సంది గిదంత చేసింది నీ నడుము కోసమే గదర! నన్నే ఎత్తుతున్నవా పిచ్చోడా!"

"ఎత్తుడు గాదు, ఎక్కిస్తున్న" అన్నాడు మల్లేశం. బీము ఉండే చోట ఆయన్ను కూర్చోబెట్టాడు.

ఇన్నేళ్ళు ఇన్ని రైళ్ళ కథలు చెప్పిన మనిషి తన రైలు తాను ఎక్కడం అదే మొదలు. పెద్దవ్వ "పైలం! పట్టుకో!" అని అరుస్తూనే పరుగున పోయి బండి ముందు కొబ్బరికాయ కొట్టింది. మల్లేశం ఒక్క చేత్తో తోశాడు. పెద్దబాపు రెండు చేతులతో ఇనుప కడ్డీని గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవాలంటే చెయ్యి వదలాలి, వదిలే ధైర్యం లేదు. అలాగే ఏడుస్తూ, నవ్వుతూ, రెండు వరసల సాంచాల నడుమ షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పోయాడు.

అక్కడ బండి ఆగింది. ఆయన దిగలేదు.

"మల్ల పోదమా పెద్దబాపూ?" అన్నాడు మల్లేశం.

"పోదం పా."